ఆకలి ఇప్పించమని ప్రార్థన చెయ్యమన్న మనిషి

మా ఎదురింటి చెల్లెమ్మ పోయింది. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే ఆమె పెనిమిటి వచ్చి మా గేటు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. స్టీలు ప్లాంటులో ఆ మోత మధ్య సర్వీసంతా అరుస్తూ మాట్లాడిన మనిషి అతను. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినిపిస్తుంది. అలాంటివాడు "బావా, పోనాది" అన్న మాట మాత్రం గేటు నుంచి గుమ్మం దాకా రాలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

కాసేపటికే వీధంతా వాళ్ళ వాకిట్లో చేరింది. వెనక వీధిలో ఉండే ఒకావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడుస్తూ అంది: "అయ్యో వదినా, ఈ మద్దెనే కదా ఆవిడ అంత నాజూగ్గా అయ్యారు! సూడ్డానికి ఎంత బాగుండేవారో!" అన్నావిడ మంచిదే. మనసులో ఏ కల్మషమూ లేదు. ఆ మాట విన్నాకే ఇది రాయాలనుకున్నాను. రాయకపోతే చెల్లెమ్మ గురించి ఈ లోకం అన్న చివరి మాట అదే అయిపోతుందేమోనని భయం వేసింది.

చెల్లెమ్మ అన్నానని మాకేదో చుట్టరికం అనుకునేరు. నాది సబ్బవరం వైపు వ్యవసాయం కుటుంబం. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాను. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. ఆమె ఊళ్ళో ఒక పెద్దాసుపత్రిలో రోగుల తిండి చూసే డైట్ ఇన్‌ఛార్జిగా పనిచేసింది. పెందుర్తి దగ్గర ఈ కాలనీలో ఇళ్ళు కట్టుకున్న కొత్తలో, మా బోరు పాడైతే వాళ్ళ గొట్టం వీధికి అడ్డంగా లాగి మా గోడ మీంచి వేసి, "అన్నయ్యా, బకెట్టు పెట్టు" అంది. నీళ్ళతో పాటు చుట్టరికం కూడా ఆ గొట్టంలోంచే వచ్చింది. ఆమె చెల్లెమ్మ అయ్యాక ఆమె మొగుడు బావ కాక ఏమవుతాడు? అయినా మా వైపు బావ అనిపించుకోవడానికి పెళ్ళి సంబంధమే అక్కర్లేదు, కలిసి ఒక టీ తాగితే చాలు.

ఆమె లావు మనిషి. ఈ మాట రాసేటప్పుడు చెయ్యి కొంచెం తటపటాయించింది. ఆమె చూస్తే తిట్టేది. "లావు అంటే తిట్టేటి అన్నయ్యా? పొడుగు అన్నట్టే లావు. పుష్టి, బొద్దు, భారీ పర్సనాలిటీ అని దొడ్డిదారిన ఎందుకొత్తావు, వీధి గుమ్మం తెరిసే ఉంది కదా!" అనేది. ఒకసారి షేర్ ఆటోలో మేమంతా కలిసి వెళ్తుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "మామ్మగారూ, మీరు ఇద్దరి సీటు ఆక్రమించీసారు" అన్నాడు. ఆమె ఏమీ కోపం తెచ్చుకోలేదు. "అలాగా నాయనా, అయితే ఇద్దరికీ సరిపడా కబుర్లు చెప్పు, దారి దూరం" అంది. గోపాలపట్నం వచ్చేసరికి వాడు తన అత్తగారి గొడవలన్నీ ఆమెకి చెప్పేసి, దిగేటప్పుడు సలహా కూడా అడిగాడు.

ఆసుపత్రిలో మాత్రం అంత సుఖంగా సాగలేదు. తిండి గురించి చెప్పే మనిషి లావుగా ఉంటే లోకానికి అదొక తమాషా. వార్డులో ఆమె చెప్తుంటే రోగి బంధువులు వెనకాల చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారట. ఆ నవ్వులు విని విని, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె చాలా కఠినంగా ఉండేదట, తన మీదా, రోగుల మీదా. తను గుప్పెడు మెతుకులు తిని రోజంతా తలనొప్పితో తిరిగేది. కొంత తగ్గేది, మళ్ళీ పెరిగేది. రోగులకి కొలిచి పెట్టించేది, మంచాల కింద దాచుకున్నవి వెతికి తీయించేది.

ఒక రోజు ఒక ముసలావిడ తలగడ కింద అరటిపండు దొరికింది. చెల్లెమ్మ చెయ్యి చాపితే ముసలావిడ ఇచ్చేసింది. ఇచ్చేసి, "తప్పయిపోనాదమ్మా, ఆకలేసింది" అందట. ఈ కథ చెల్లెమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ ఆ పండు ఇంకా తన చేతిలోనే ఉన్నట్టు అరచెయ్యి చూసుకునేది. "ఆకలెయ్యడం తప్పని ఆవిడ చేత నాను అనిపించాను అన్నయ్యా. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. మళ్ళీ నన్ను నేను ఎప్పుడూ ఎండబెట్టుకోలేదు."

ఆ తర్వాత ఆమె చదవడం మొదలుపెట్టింది. నాకూ చదువు పిచ్చి ఉంది. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, పరదేశీ ఓడలవాళ్ళు వదిలేసిన పత్రికలు డిక్షనరీ పక్కన పెట్టుకుని నమిలి మింగినవాణ్ణి. అందుకని ఏ కొత్త మాట దొరికినా ఆమె నాకు చెప్పేది. ఇంట్యూటివ్ ఈటింగ్ అన్న మాట అలాగే వచ్చింది మా వీధిలోకి. నేను డిక్షనరీ తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "అందులో చూస్తే భయపడతావు. ఒళ్ళు చెప్పేది విని తినడం, అంతే. ఆకలేస్తే ఆకలేసిందనీ, సరిపోతే సరిపోయిందనీ మనకి తెలియాలి. పసిపిల్లకి తెలుసు. మనం మరిచిపోయాం."

నిజమే, నేనైతే ఎప్పుడో మరిచిపోయాను. క్రేను ఎక్కితే మళ్ళీ దిగడం మన చేతిలో ఉండదు. ఓడ కడుపు ఖాళీ అయ్యేదాకా మన కడుపు సంగతి అడిగే దిక్కుండదు. కాబట్టి ఆకలి ఉన్నా లేకపోయినా ముందే కుక్కేసుకుని ఎక్కేవాణ్ణి. బావ అయితే మరీ అన్యాయం. షిఫ్టులు పోయి ఇన్నేళ్ళయినా గడియారం చూసి కంచం దగ్గర కూర్చుంటాడు. అన్నం తర్వాత వస్తుంది, మనిషి ముందొస్తాడు.

చెల్లెమ్మ మాటని మొదట అపార్థం చేసుకున్నది కూడా బావే. ఒక సాయంత్రం షుగరు మనిషి ఈయన, పొట్లం నిండా మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"మీ సెల్లెల్నే అడుగు. ఒళ్ళు ఏదడిగితే అది పెట్టమంది. నా ఒళ్ళు పొద్దున్నుంచీ బజ్జీలు, బజ్జీలు అని ఒకటే గోల."

ఆమె లోపల్నుంచే అంది: "తినండి, ఎవరు వద్దన్నారు? తిన్నాక గుండెల్లో మంటెత్తితే ఒళ్ళు ఏదో చెప్తాది కదా, అది కూడా వినండి. సగం మాట విని ఫోను పెట్టేసినట్టు కాదు. అన్నట్టు షుగరు బిళ్ళ వేసుకున్నారా? అది కూడా ఆ ఒళ్ళే అడిగింది."

బావ పొట్లం నా వైపు జరిపాడు. "నువ్వు తిను బావా, నా ఒళ్ళు మాట మార్చీసింది."

చెల్లెమ్మ రిటైరయ్యాక సాయంత్రాలు ఆడపిల్లలు ఆమె దగ్గరికి వచ్చేవారు. అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, పెళ్ళి కుదిరినవాళ్ళు. ఒకమ్మాయి అంతా శ్రద్ధగా విని, చివర్లో అడిగింది: "ఇలగ తింటే ఎన్ని కిలోలు తగ్గుతాను ఆంటీ?" ఆమె నిజమే చెప్పింది. "తగ్గొచ్చు. పెరగొచ్చు. ఉన్నట్టే ఉండొచ్చు. ఇది తగ్గడానికి మందు కాదమ్మా." ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఇంకో అమ్మాయి రాత్రి షిఫ్టులో ఆకలే తెలియట్లేదని, ఆకలేస్తేనే తినాలి కదా అని పస్తులుండి కళ్ళు తిరిగి పడిపోయింది. ఈ పిల్లని మాత్రం చెల్లెమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని కేకలేసింది. "రాత్రి డ్యూటీలో ఆకలి దారి తప్పుతాది. అప్పుడు టైమ్ చూసి తినాలి, అది కూడా ఒళ్ళుని చూసుకోవడమే. ఆకలేస్తేనే తినాలని రూలు పెట్టుకుంటే అదీ పథ్యమే, కొత్త చీర కట్టుకుందంతే."

మగవాళ్ళ వాదన వేరు. చర్చిలో ఒక పెద్దమనిషి, "అయితే లావుగా ఉన్నా రోగాలు రావంటారా సిస్టర్?" అని ఎగతాళిగా అడిగాడట. దానికి ఆమె చెప్పిన జవాబు నేను చచ్చేదాకా మరిచిపోను. "ఎందుకు రావండీ, వస్తాయి. లావువాళ్ళకీ వస్తాయి, సన్నవాళ్ళకీ వస్తాయి. అందుకే కదా మమ్మల్ని కూడా చూడమంటున్నాను. మా లావు చూసి అక్కడే ఆగిపోవద్దంటున్నాను."

ఇక్కడి నుంచి రాయడానికి నాకు చేతులు రావడం లేదు. అయినా రాస్తాను.

పోయిన ఏడాది వర్షాలు మొదలైన రోజుల్లో ఆమె బంగారు గాజు అంట్లగిన్నెలో దొరికింది. సబ్బు నురగ పెట్టి లాగినా రాని గాజు అది, గిన్నె తోముతుంటే దానంతట అదే జారిపోయింది. గాజు తెచ్చి మా ఆవిడకి చూపించింది. మా ఆవిడ, "మంచిదే కదా వదినా, తగ్గావు" అంది. చెల్లెమ్మ నా వైపు తిరిగి, "అన్నయ్యా, నాకు ఆకలెయ్యట్లేదు" అంది. ఏదో సామాను పోయిందని చెప్పినట్టు చెప్పింది.

వీధి మొత్తానికి పండగొచ్చింది. దారిలో ఆపి మరీ మెచ్చుకునేవారు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు పోయేవాళ్ళు ఎదురొచ్చి చెయ్యి పట్టుకునేవారు. మెంతులా, జీలకర్ర నీళ్ళా, నడకా అని ఆరాలు. రావడం మానేసిన ఆ కిలోల అమ్మాయి తిరిగొచ్చింది, ఇప్పుడు గుట్టు చెప్పమని. బావ సంతోషం పట్టలేకపోయాడు. "నా పెళ్ళాం పెళ్ళి ఫోటోలోకి ఎల్లిపోతంది బావా!" అని నాకే కాదు, పాలవాడికి కూడా చెప్పాడు. పాపం, ఆయన ప్రేమ కొద్దీ అన్న మాట అది.

ఆమె ఒక్కతే భయపడింది. ఏనాడూ ఇంట్లో బరువు చూసే మిషను ఉంచుకోని మనిషి, మందుల షాపులో మిషను ఎక్కడం మొదలుపెట్టింది. దిగిన ప్రతిసారీ మొహం పాలిపోయేది. షాపు కుర్రవాడు, "సూపర్ మామ్మగారూ" అనేవాడు.

ఒక పొద్దున్న బావతో గట్టిగా వాదన పడింది. మా ఇంట్లోకి వినిపించింది. బావ గొంతు వినిపించడం మామూలే, ఆ రోజు ఆమె గొంతు కూడా వినిపించింది.

"ఊరందరికీ బరువు సూడొద్దని సెప్పిందానివి నువ్వే కదే! ఇప్పుడు నీది తగ్గితే ఎందుకింత రాద్దాంతం?"

"బరువు చూడొద్దనలేదండీ. బరువొక్కటే చూడొద్దన్నాను. నాను తగ్గడానికి ఏటీ చెయ్యలేదు. తిండి నోటికి పోవట్లేదు. నా ఒళ్ళు ఏదో చెప్తంది, మీరెవరూ విననివ్వట్లేదు!"

తన మాటే తనకి అడ్డం తిరిగింది. నేను మా గుమ్మంలో నిలబడి విన్నాను. అన్నం తినలేకపోయాను.

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. బావకి ఆసుపత్రి వాసన పడదు, బయట కూర్చుంటాడు. డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు, కాగితాలు చూసి నవ్వాడు. "ఈ వయసులో ఇంత తగ్గారంటే గ్రేట్ అమ్మా. కంటిన్యూ చెయ్యండి."

"నాను ఏమీ చెయ్యలేదు బాబూ. చెయ్యకుండానే తగ్గాను. వీపులో నొప్పి కూడా ఉంటంది."

"బరువుకి వీపు నొప్పి ఉంటుందమ్మా. ఇంకొంచెం తగ్గితే అదీ పోతుంది."

ఆమె కుర్చీలో ముందుకి వంగింది. రోగుల తిండి చూసిన మనిషి, ఆసుపత్రి మాట ఆమెకి తెలుసు. "ఒక్క మాట బాబూ. నా పక్కన కూర్చున్న ఈ అన్నయ్య సన్నగా ఉన్నాడు. ఈయన ఏమీ చెయ్యకుండా ఇలగ తగ్గిపోతే నువ్వు ఏ పరీక్షలు రాస్తావు? అవే నాకూ రాయి."

ఆయన మళ్ళీ నవ్వాడు. మంచి నవ్వే. "ఆయన తగ్గితే భయపడాలి. మీకు తగ్గడానికి ఇంకా చాలా ఉందమ్మా." గ్యాసుకి బిళ్ళలు రాసి పంపాడు.

ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను కూడా నా గొంతు కలిపాను. నా డిక్షనరీ ఇంగ్లీషంతా ఒలకబోశాను. ఆ డాక్టరు మనసులో దిగులు పెట్టుకోవద్దన్నాడు, నిద్రకి మందిచ్చాడు. బయటికొచ్చి ఎండలో ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆమె అంది: "ఇంత మనిషిని కదా అన్నయ్యా, ఒక్కరికీ కనపడనేటి?"

తర్వాత జరిగింది చెప్పకపోతే నేను రాయడం ఎందుకు?

వాళ్ళ చర్చిలో శుక్రవారాలు ఉపవాస ప్రార్థన ఉంటుంది. పొద్దున్నుంచీ తినకుండా ఉండి, మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక అందరూ కలిసి భోజనం చేస్తారు. మధ్యలో ఎవరికైనా దేవుడు మేలు చేస్తే లేచి సాక్ష్యం చెప్తారు. పరీక్ష పాసైనా, గొడవ తీరినా లేచి నిలబడి చెప్పి, స్తోత్రం అనిపించుకుంటారు. ఆ శుక్రవారం మా ఆవిడనీ నన్నూ కూడా తోడు రమ్మంది, కాళ్ళు తేలిపోతున్నాయని. మేం వెనక వరసలో కూర్చున్నాం.

పాస్టరుగారి భార్య చాలా ఆప్యాయంగా లేచి మైకు తీసుకుంది. "మన సిస్టర్ గారిని చూస్తున్నారు కదా! ఉపవాసం వల్ల దేవుడు ఆమె శరీరాన్ని ఎంత తేలిక చేశాడో! అమ్మా, వచ్చి సాక్ష్యం చెప్పండి. ఇంతమంది ఆడపిల్లలకి ప్రోత్సాహంగా ఉంటుంది."

చప్పట్లు. ఆమె లేచింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది, అది ఎవరూ చూడలేదు. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"నాను ఉపవాసం వల్ల తగ్గలేదు. నాకు ఆకలి పోయింది," అంది. "పొద్దున్న లేస్తే ఆకలి కోసం వెతుక్కుంటన్నాను. తాళింపు వాసనకి వస్తాదేమో అని పొయ్యి దగ్గర నిలబడతన్నాను. రావట్లేదు. ఇది మేలు కాదమ్మా. నన్ను చూసి స్తోత్రం చెప్పొద్దు. నాకు ఆకలి ఇప్పించమని అందరూ ప్రార్థన చెయ్యండి. నా లావు నాకు తిరిగి ఇప్పించమని చెయ్యండి. నాకు భయమేస్తంది."

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ క్షణంలో నేను అనుకున్నాను, విన్నారు, ఇప్పటికైనా విన్నారు అని. అంతలో ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె హాస్యాలు వాళ్ళకి అలవాటే కదా. ఆ నవ్వు వరస వరసకీ పాకింది. "ఆమెన్!" అన్నారు. ఎవరో ఆనందంగా "హల్లెలూయా!" అన్నారు. ఆమె మైకు ఇచ్చేసి వచ్చి మా పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది.

భోజనాల దగ్గర ఒకావిడ ఆమె పక్కకి జరిగి, గుసగుసగా అడిగింది: "ఆంటీ, నిజం చెప్పండి, ఆకలి పోవడానికి ఏటి వాడతన్నారు?"

నాకు దేవుళ్ళందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. వాళ్ళ దేవుడు, మా దేవుళ్ళు అని తేడా ఏమీ పెట్టలేదు.

రోగాన్ని కనిపెట్టింది చివరికి మా ఆవిడే. ఇద్దరూ ఎండలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంటే, "వదినా, నీ కళ్ళేటి పచ్చగా ఉన్నాయి?" అంది. అప్పుడు పరుగు. స్కానింగులు. కడుపు వెనకాల క్లోమం అని ఒకటుంటుందట, దాంట్లో గడ్డ. అప్పటికే లివరు దాకా పాకింది. అక్కడి పెద్ద డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి అడిగాడు: "ఇంత తగ్గుతుంటే ముందే ఎందుకు రాలేదమ్మా?"

"వచ్చాను బాబూ," అంది ఆమె.

ముందే చూస్తే బతికేదా అని నేను విడిగా అడిగాను. చెప్పలేమన్నారు. ఈ రోగం అలాంటిదే, తొందరగా దొరికినా మాట ఇవ్వలేమన్నారు. వాళ్ళ నిజాయితీకి దండం పెడతాను. కానీ ఆ 'చెప్పలేం' అన్న మాట ఉంది చూశారూ, అది నాతోపాటే లేస్తోంది, నాతోపాటే పడుకుంటోంది. బతికేది కాదని తేల్చి చెప్పినా ఊరుకునేవాణ్ణి. బతికేదని చెప్పినా ఎవడి కాలరో పట్టుకునేవాణ్ణి.

అప్పుడిక క్యారేజీలు మొదలయ్యాయి. కోడి పులుసు, గుడ్లు, పాయసాలు, బలానికి పొడులు. తగ్గావని మెచ్చుకున్న వాళ్ళే "తినాలమ్మా, తినకపోతే ఎలా" అని బతిమాలారు. బావ అయితే గిన్నె, గరిట పట్టుకుని మంచం చుట్టూ తిరిగేవాడు. గడియారం చూసి వచ్చేవాడు. ఆమె ఒక మధ్యాహ్నం నాతో అంది: "ఇన్నేళ్ళూ తినకు తినకు అన్నారు అన్నయ్యా. ఇప్పుడు తిను తిను అంటన్నారు. అప్పుడూ ఇప్పుడూ ఒక్కళ్ళు కూడా నీకు ఆకలేస్తందా అని అడగలేదు."

అడిగాను. సిగ్గేసినా అడిగాను. "ఆకలేస్తందా చెల్లెమ్మా?"

కళ్ళు మూసుకుంది. లోపలికి ఎక్కడికో వెళ్ళి వెతికి వచ్చినట్టు వచ్చి, "లేదు" అంది. "కానీ అడిగావు, చాలు."

ఆ రోజు నుంచీ పొద్దున్న వెళ్ళి అడిగేవాణ్ణి. లేదనేది. నేను కూర్చుని ఏదో ఒక ఓడ కథ చెప్పేవాణ్ణి. బావ కూడా మెల్లగా గరిట కింద పెట్టి అడగడం నేర్చుకున్నాడు. అంత పెద్ద గొంతువాడు, ఆ ఒక్క ప్రశ్న మాత్రం చెవిలో చెప్పినట్టు అడిగేవాడు.

పోవడానికి కొద్ది రోజుల ముందు, పగటి పూట, ఎవరూ అడక్కుండానే కళ్ళు తెరిచింది. "ఏవండీ, ఆకలేస్తంది."

బావ అలాగే నిలబడిపోయాడు. "ఏటి కావాలి? ఏటి తింటావు? సెప్పు, సెప్పు."

"వేడన్నం. వదిన పెట్టిన చింతకాయ పచ్చడి."

మా ఆవిడ పచ్చడి జాడీ కోసం వీధి దాటి పరుగెత్తింది, ఈ మోకాళ్ళతో. బావ కుక్కరు పెట్టాడు. నేను వంటింటికీ మంచానికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాను. కుక్కరు కూయదు. ముగ్గురమూ దాని మొహం చూస్తున్నాం. ఆకలి ఉంటుందా, అన్నం ఉడికేలోపు వెళ్ళిపోతుందా? "ఉందా?" అని బావ వంటింట్లోంచి కేకేసేవాడు. "ఉంది" అని నేను కేకేసేవాణ్ణి. నా బతుకులో నేను ఇంతగా ప్రార్థన చేసిన సమయం ఇంకోటి లేదు. ఎవరికి చేశానో తెలియదు.

ఆవిరి పూర్తిగా పోకుండానే మూత లాగి వేళ్ళు కాల్చుకున్నాడు బావ. కలిపి పెట్టాడు. ఆమె తింది. నమిలింది, కళ్ళు మూసుకుని. నాలుగు ముద్దలు తిని ఉంటుంది. చాలని చెయ్యి ఎత్తింది.

"ఇంకొక్క ముద్ద," అన్నాడు బావ. "నా కోసం. ఒక్కటే." ఆయన ఏడుస్తున్నాడు. ముద్ద ఆమె పెదాల దాకా తీసుకెళ్ళాడు.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. "ఏవండీ. ఇన్నాళ్ళూ చాలన్నది రోగం. ఈ చాలు నాను అన్నది. నాకు సరిపోయింది. దీన్ని ఉండనివ్వండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ముద్ద ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తనే తిన్నాడు.

మళ్ళీ ఆమెకి ఆకలెయ్యలేదు.

ఆమె పోయిన రోజు శవపెట్టె చేయించే పని బావ తమ్ముడు చూశాడు. ఆయన ఉండేది వేరే ఊళ్ళో. ఆమెని చూసి చాలాకాలమైంది. ఫోను మీదే పెట్టెవాళ్ళకి చెప్పేశాడు, మా వదిన భారీ మనిషి, వెడల్పుగా, గట్టి చెక్కతో చెయ్యండి అని. మోయడానికి చర్చి కుర్రాళ్ళలో బలమైనవాళ్ళని చూసి పిలిపించాడు. పెట్టె వచ్చింది. ఆమెని అందులో పెట్టాక రెండు వైపులా ఎంత ఖాళీ మిగిలిందంటే, చూసినవాళ్ళు చూపు తిప్పేసుకున్నారు. మోసేటప్పుడు ఆమె అటూ ఇటూ కదిలిపోకుండా మా ఆవిడా, పాస్టరుగారి భార్యా దుప్పట్లు మడతలు పెట్టి పక్కల్లో కూరారు. పాస్టరుగారి భార్య కూరుతూ కూరుతూ మధ్యలో ఆగిపోయింది. "ఆ రోజు మైకులో ఆమె చెప్పింది వదినా," అని మా ఆవిడతో అంది.

చర్చివాళ్ళ పాట అయింది. బావ తమ్ముడు కుర్రాళ్ళతో, "జాగర్త బాబూ, బరువుంటాది, అందరూ ఒకేసారి" అన్నాడు. వాళ్ళు మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, పళ్ళు కరిచి, ఒక్కసారిగా ఎత్తారు. పెట్టె వాళ్ళ భుజాలు దాటి పైకి లేచిపోయింది. ఒకడు వెనక్కి తూలాడు. మిగిలినవాళ్ళు దాన్ని గాల్లో పట్టుకుని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మెల్లగా భుజాల మీదికి దించుకున్నారు. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, చాలా బరువు మోస్తున్నవాళ్ళలాగా అడుగులో అడుగు వేసుకుంటూ వీధి చివరి దాకా నడిచారు.